తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన నల్ల శిలువ అసలుదేనా? జర్మన్ యుద్ధ పతకాల్ని ఎలా పోల్చుకోవాలి?

నమస్కారమండీ. నాకు అర్థమైనంతలో మీ ప్రశ్న ఇది. మీ తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ శాపర్స్‌ అనే సైనిక ఇంజనీర్ల దళంలో పనిచేసి ఇటలీ దాకా వెళ్ళొచ్చారు. ఈమధ్య ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీది ట్రంకు పెట్టెలో, పాత పే బుక్కు కింద, ఒక నల్లటి శిలువ దొరికింది. ముందువైపు డబ్ల్యూ అక్షరం, దాని పైన కిరీటం, కింద 1914. వెనకవైపు ఆకులు, 1813. ఇది అసలుదా నకిలీదా, ఎంత పలుకుతుంది, శుభ్రం చెయ్యొచ్చా, రెండో యుద్ధానికి వెళ్ళిన మనిషి దగ్గరికి 1914 నాటిది ఎలా వచ్చింది అని అడిగారు. ఇలాంటివి సేకరించడం మొదలుపెట్టాలని ఉందని కూడా అన్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీ దగ్గరున్నది 1914 నాటి ఐరన్ క్రాస్ అనే జర్మన్ యుద్ధ పతకం, రెండో తరగతి. మీరు పంపిన ఫోటోల్ని బట్టి అసలుదే. చేతిలో పట్టుకుని చూడలేదు కాబట్టి నూటికి ఓ పది పాళ్ళు అనుమానం అట్టే పెట్టుకుంటున్నాను. లక్షలు మాత్రం రావు. నేను జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటాను, పదిహేనేళ్ళుగా ఇక్కడి ఆదివారం సంతల్లో తిరుగుతున్నాను. ఇలాంటి రెండో తరగతి శిలువలు యాభై నుంచి ఎనభై యూరోల మధ్య చేతులు మారడం చూస్తుంటాను. మన లెక్కలో ఐదు నుంచి ఎనిమిది వేలు. మీ బావమరిది చెప్పిన 'హిట్లర్ మెడల్, కనీసం పది లక్షలు' అన్న మాట మర్చిపోండి. హిట్లర్ అధికారంలోకి రావడానికి చాలా ముందే, కైజర్, అంటే జర్మన్ చక్రవర్తి, రెండో విల్‌హెల్మ్ పేరు మీద ఇచ్చిన పతకం అది. డబ్ల్యూ అంటే విల్‌హెల్మే. ఒక్క మొదటి ప్రపంచ యుద్ధంలోనే ఈ రెండో తరగతిని 50 లక్షల మందికి పైగా ఇచ్చారు. అందుకే ధర అంతకు మించి లేవదు.

ఇంకో సంగతి: దయచేసి దాన్ని తోమకండి. బ్రాసో వద్దు, చింతపండు వద్దు, విభూతి వద్దు. ఇత్తడి బిందె తోమినట్టు తోమితే అంచు వెండి తళతళలాడుతుంది కానీ నల్ల రంగు లేచిపోతుంది. కొనేవాడికి అది చాకలి రేవులో ఉతికి ఆరేసిన పతకంలా కనబడుతుంది, ధర సగానికి పడుతుంది. కంసాలి దగ్గరికి కూడా తీసుకెళ్ళకండి. ఆయన తన అలవాటు కొద్దీ అంచుని గీటురాయి మీద ఓసారి గీస్తారు. ఆ గీత మళ్ళీ పోదు.

ఇక వివరంగా.

వెనక 1813 ఉంది కదా, అంటే ఇంకా వందేళ్ళు పాతదా అని చాలామంది పొరబడతారు. కాదు. ఈ పతకం పుట్టిన ఏడాది 1813. నెపోలియన్‌తో పోరాడుతున్న జర్మన్ రాజ్యం ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ఆ ఏడాది మార్చి 10న బ్రెస్లావ్‌లో, అంటే ఇప్పటి పోలండ్‌లోని వ్రోత్సవావ్‌లో, దీన్ని నెలకొల్పాడు. ఆ తేదీ చనిపోయిన ఆయన భార్య లూయిజా రాణి పుట్టినరోజు. రూపం గీసింది కార్ల్ ఫ్రెడరిక్ షింకెల్, బెర్లిన్‌లో ఆల్టెస్ మ్యూజియం కట్టిన వాస్తుశిల్పి. ఖజానా ఖాళీ, దేశం కష్టాల్లో ఉంది, జనం ఒంటి మీది బంగారం యుద్ధానికిచ్చి బదులుగా ఇనుప నగలు పెట్టుకుంటున్న రోజులవి. అందుకే పతకం కూడా ఇనుముతో. సేనాపతికైనా సిపాయికైనా ఒకటే శిలువ అన్నది ఆ కాలానికి కొత్త సంగతి. తర్వాత 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చినప్పుడు, 1914లో, 1939లో మళ్ళీ మళ్ళీ పునరుద్ధరించారు. ప్రతిసారీ ముందువైపు కింది రెక్క మీద ఆ యుద్ధం మొదలైన ఏడాది వేశారు. 1914 శిలువకి వెనకవైపు పాత గుర్తులు అలాగే ఉంచారు: పైన కిరీటం, ఎఫ్ డబ్ల్యూ అక్షరాలు, నడుమ మూడు ఓక్ ఆకులు, కింద 1813. 1939 దానికి ముందు స్వస్తిక, 1939 ఉంటాయి, వెనక ఒట్టి 1813 మాత్రమే. కాబట్టి తేదీ ఎప్పుడూ ముందువైపు చూడాలి.

అసలుదో కాదో తేల్చేది మాత్రం బొమ్మ కాదు, అంకెలు కాదు. అంచు. నేను ఎవరికైనా చెప్పేది ఇదొక్కటే: అమ్మేవాడి నోటి వంక చూడకండి, శిలువ అంచు వంక చూడండి.

దీన్ని మూడు ముక్కలుగా చేసేవారు. లోపల నల్ల రంగు వేసిన ఇనుప శిలువ. దానికి ముందు ఒకటి, వెనక ఒకటి, అచ్చు కొట్టిన రెండు వెండి చట్రాలు. ఆ రెండు చట్రాల మధ్య ఇనుప ముక్కని పెట్టి, అంచు చుట్టూ టంకం పెట్టి అతికించి, మిగిలిన టంకాన్ని ఆకురాయితో రాసేసేవారు. ఆ పని జాడ పతకం మీద ఉండి తీరుతుంది. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం, లూప్ అంటారు, ఒకటి కొనుక్కోండి, మూడు నాలుగొందలకి దొరుకుతుంది. శిలువని పక్కకి తిప్పి, కిటికీ వెలుతురులో, మందం వైపు చూడండి. చట్రాలు కలిసిన చోట వెంట్రుకవాసి గీత, అక్కడక్కడ మాయమవుతూ, మళ్ళీ కనబడుతూ నడుస్తుంది. రెండు రెక్కలు కలిసే లోపలి మూలల్లో ఆకురాయి గీతలు సన్నగా, ఒకే వాలులో ఉంటాయి. మీరు పంపిన నాలుగో ఫోటోలో కుడి కింద మూల సరిగ్గా అలాగే ఉంది. నేను అసలుదని అనడానికి సగం కారణం ఆ మూలే.

రెండోది పూసల వరుస. వెండి చట్రం లోపలి అంచు వెంబడి, నల్ల ఇనుముని ఆనుకుని, చిన్న చిన్న పూసలు వరసగా కనిపిస్తాయి. అచ్చు కొట్టిన వెండిలో ప్రతి పూసా విడివిడిగా నిలబడుతుంది. నకిలీవాళ్ళు అసలు శిలువ నుంచి మూస తీసి లోహం పోత పోస్తారు కాబట్టి పూసలు కరిగిన పంచదారలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కిరీటం మీది ముత్యాలూ అంతే, ఓక్ ఆకుల ఈనెలూ అంతే. పోత పోసినదాని మీద సూది మొనంత గుంటలు కూడా కనబడతాయి, పోతలో గాలి చిక్కుకుని ఏర్పడ్డవి.

ఈ పాఠం నాకు డబ్బు కట్టాకే వచ్చింది. ఇక్కడికొచ్చిన రెండో ఏడు అనుకుంటాను. ఒక చిన్న ఊరి సంతలో ఓ ముసలాయన మడత బల్ల మీద పాత టపా బిళ్ళలు, చెంచాలు, వాటి మధ్య మొదటి తరగతి ఐరన్ క్రాస్ ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి తరగతికి రిబ్బన్ ఉండదు, వెనక పిన్ను ఉంటుంది, చొక్కాకి గుచ్చుకుంటారు. తన తాత మొదటి యుద్ధంలో ఫ్రాన్స్‌లోని వెర్దాన్‌లో పోరాడాడని, మనవడికి వీటి మీద ఆసక్తి లేదని కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. నూట నలభై యూరోలు లెక్కపెట్టి ఇచ్చేశాను, బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చి టేబుల్ లైటు కింద పక్కకి తిప్పి చూస్తే అంచు మీద అతుకూ లేదు, ఆకురాయి గీతా లేదు. మొత్తం ఒకే ముద్ద. వెండి అనుకున్నది పైన పూత. తర్వాతి నెల ఇంకో ఊరి సంతలో అదే ముసలాయన, అదే బల్ల, అదే వెర్దాన్. ఈసారి శిలువ కొత్తది, కన్నీళ్ళు మాత్రం పాతవే. ఆ నకిలీని ఇంకా నా డ్రాయర్‌లో ఉంచుకున్నాను. కొత్తవాళ్ళు వస్తే అసలుదీ అదీ రెండూ చేతిలో పెట్టి కళ్ళు మూసుకుని అంచు తడమమంటాను.

ఒక మినహాయింపు కూడా చెప్పాలి. మొదటి తరగతి శిలువల్ని నగల దుకాణాల్లో సొంతంగా చేయించుకునే ఆచారం అప్పట్లో బాగా ఉండేది. కొన్ని గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, కొన్నిటికి పిన్నుకి బదులు మర ఉంటుంది, కొన్ని నిజంగానే ఒకే ముక్కగా చేసినవి. కాబట్టి మామూలు తీరులో లేనంత మాత్రాన నకిలీ అనెయ్యలేం. కానీ ఇది అనుభవం ఉన్నవాళ్ళ జోలి. మీరు ముందు మామూలు వాటితో చెయ్యి తిప్పుకోండి.

అయస్కాంతం గురించి అందరూ అడుగుతారు. ఫ్రిజ్ మీది అయస్కాంతం పెడితే అసలు శిలువ నడిమధ్య అంటుకోవాలి, వెండి చట్రం మీద అంటుకోకూడదు. చూడండి, పోయేదేం లేదు. కానీ దాన్నే నమ్ముకోకండి. తెలివైన నకిలీలోనూ ఇనుమే పెడతారు. అసలైన వాటిలోనూ ఇనుము కాని ముక్కతో చేసినవి ఉన్నాయి. అయస్కాంతం ఒక సాక్షి మాత్రమే, జడ్జి కాదు. కొలతలు కూడా అంతే: 1914 రెండో తరగతి ఒక కొస నుంచి ఇంకో కొసకి దాదాపు 42 మిల్లీమీటర్లు, 1939 దాదాపు 44. పోత నకిలీ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి ఒక్కోసారి ఓ మిల్లీమీటరు తక్కువ ఉంటుంది. స్కేలు కాదు, వెర్నియర్ కాలిపర్ వాడండి.

రింగు. పైన రిబ్బన్ దూర్చే రింగు మీద, నిలబెట్టి చూస్తే, మీకు గింజంత అక్షరాలు కనబడొచ్చు. మీ రెండో ఫోటోలో ఏదో ఉన్నట్టుంది కానీ మసకగా ఉంది. అది చేసినవాడి గుర్తు. 'కె ఓ' అని ఉంటే బెర్లిన్ రాజ టంకశాల. 'ఎస్ డబ్ల్యూ' అయితే సీ అండ్ వాగ్నర్, 'డబ్ల్యూ ఎస్' అయితే వాగ్నర్ అండ్ జోన్. ఇద్దరూ బెర్లిన్ వాళ్ళే. 800 అంకె ఉంటే వెయ్యిలో 800 పాళ్ళు వెండి అని. ఏ గుర్తూ లేకపోయినా దిగులు పడకండి, గుర్తులేని అసలువి బోలెడు. గుర్తు ఉన్నంత మాత్రాన మురిసిపోనూ అక్కర్లేదు, రింగు మీద రెండక్షరాలు కొట్టడం నకిలీవాడికి ఐదు నిమిషాల పని. గుర్తుకీ పనితనానికీ పొత్తు కుదిరిందా అన్నది చూడాలి. టంకశాల గుర్తు ఉండి పూసలు ముద్దగా ఉంటే, అబద్ధం చెబుతున్నది గుర్తు.

రిబ్బన్. మీ దానికి నలుపు మీద రెండు అంచుల దగ్గర తెల్ల చారలున్న రిబ్బన్ ముక్క మిగిలింది. అది యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకిచ్చినది. యుద్ధంలో నేరుగా పోరాడనివాళ్ళకి దీనికి తిరగవేసి, తెలుపు మీద నల్ల చారలు. నడుమ ఎర్రటి వెడల్పు పట్టీ ఉంటే 1939 నాటిది. రిబ్బన్ వయసు తేల్చడానికి నోట్లు చూసే నీలి లైటు కింద పెడతారు. కృత్రిమ దారం, ఈ కాలపు తెలుపు మందులు ఆ లైటులో పాలపుంతలా వెలుగుతాయి, పాత నూలు మసకగా ఉండిపోతుంది. ఇక్కడ ఓ తిరకాసు ఉంది. ఎవరైనా రిబ్బన్ని ఎప్పుడో సర్ఫ్‌లో ముంచి ఉతికితే అసలుది కూడా వెలుగుతుంది. కాబట్టి ముందు మీ అమ్మగారిని అడగండి. అప్పటికీ అనుమానమైతే అంచున ఊడిన ఒక్క పోగుని అగ్గిపుల్లతో కాల్చండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి నల్లటి పూసవుతుంది.

నల్ల రంగు సంగతి. మీ మూడో ఫోటోలో కింది రెక్క అంచున రంగు పొక్కి, కింద తుప్పు కనబడుతోంది. దాన్ని చూసి మీరు బాధపడినట్టున్నారు. నేను సంతోషించాను. ఇనుము చెమ్మకి ఊపిరి తీసుకున్నప్పుడు, వెండి చట్రం కింద నుంచి, ఇలాగే పొక్కుతుంది. పాతగా కనబడాలని నకిలీకి మసి పూస్తే అది అన్ని చోట్లా ఒకే తీరుగా ఉంటుంది. అసలు నలుపు మూలల్లో చిక్కగా, వేళ్ళు తగిలే కొసల్లో పలచగా ఉంటుంది. మన పాత వెండి కుంకుమ భరిణె చూడండి, మూత పిడి దగ్గర తెల్లగా, నగిషీ లోతుల్లో నల్లగా ఉంటుంది కదా, అలాగ.

ఇప్పుడు మీ తాతగారి దగ్గరికి ఎలా వచ్చిందన్న విషయం. ఇక్కడ ఊహ ఎంతో, నిజం ఎంతో విడదీసి చెప్తాను. మొదటి యుద్ధంలో పోరాడిన జర్మన్లు చాలామంది రెండో యుద్ధంలో కాస్త పెద్ద వయసు అధికారులుగా, సార్జెంట్లుగా మళ్ళీ సైన్యంలో ఉన్నారు. వాళ్ళు 1914 శిలువని పక్కన పడెయ్యలేదు. అదే పతకం వాళ్ళకి రెండోసారి వస్తే కొత్త శిలువ ఇవ్వకుండా, గద్ద బొమ్మ, 1939 అంకె ఉన్న చిన్న బిళ్ళ ఇచ్చేవారు. పాత రిబ్బన్ మీద గుచ్చుకునేవారు. కాబట్టి 1944లో ఇటలీలో ఓ జర్మన్ దగ్గర 1914 శిలువ ఉండటంలో వింతేమీ లేదు. 4వ భారత డివిజన్ 1944 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోంటే కాసినో దగ్గర ఉంది, మద్రాస్ శాపర్లూ అందులో ఉన్నారు. శాపర్ల పనే మందుపాతరలు తీయడం, దారులు వెయ్యడం. శత్రువు వదిలేసిన ఇళ్ళలోకి, బంకర్లలోకి ముందు అడుగుపెట్టేది వాళ్ళు. జర్మన్లు ఇలాంటి పతకాలకీ, పిస్తోళ్ళకీ తీగ కట్టి బాంబు పెట్టి వదిలేవారు, ఎవరైనా మోజుపడి తీస్తారని. మీ తాతగారు ఏరుకున్నారో, ఖైదీ దగ్గర సిగరెట్లకి మార్చుకున్నారో, నేపుల్స్ బజారులో కొన్నారో మనకి తెలీదు. ఆయన పే బుక్కు, డిశ్చార్జి కాగితాలు, ఫోటోలు ఏమున్నా ఆ శిలువతో పాటే ఒకే చోట పెట్టండి. శిలువకి ఐదు వేలైతే, ఈ కాగితాలతో కలిసినప్పుడు అది మీ ఇంటి చరిత్ర అవుతుంది. విడదీస్తే రెండూ అనాథలే.

ఆ శిలువ మొదటి యజమాని ఎవరో కనుక్కోవచ్చా అని కూడా అడిగారు. పేరు చెక్కి లేదు కాబట్టి కష్టం. సైనికుడి పాస్‌బుక్, పతకం ఇచ్చిన పత్రం దొరికితే వేరు. అప్పుడు కూడా అతను ఏ రాజ్యం వాడన్నది ముఖ్యం. అప్పటి జర్మనీ అంటే ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వుర్టెంబర్గ్ లాంటి రాజ్యాల కూటమి, ఎవరి సైన్యం రికార్డులు వాళ్ళవి. ప్రష్యా సైన్యం దస్తావేజులు పోట్స్‌డామ్‌లో ఉండేవి, 1945 ఏప్రిల్ బాంబు దాడిలో చాలావరకు కాలిపోయాయి. బవేరియావి మ్యూనిక్‌లో భద్రంగా ఉన్నాయి, వుర్టెంబర్గ్‌వి మా స్టుట్‌గార్ట్‌లోనే. అందుకే ఒక బవేరియన్ సిపాయి ఏ రోజు ఏ ఆసుపత్రిలో చేరాడో కూడా నేను చూడగలిగాను, పక్క కందకంలోని ప్రష్యన్ మేజర్ గురించి ఒక్క ముక్క దొరకలేదు.

సేకరణ మొదలుపెట్టాలన్నారు కదా. నా సలహా కాస్త వింతగా ఉంటుంది. ఐరన్ క్రాస్‌తో కాదు, హిండెన్‌బర్గ్ క్రాస్‌తో మొదలుపెట్టండి. 1934 జులైలో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ మొదటి యుద్ధంలో పాల్గొన్న ప్రతి ఒక్కరికీ, అడిగిన వాళ్ళందరికీ, ఒక శిలువ ఇమ్మన్నాడు. పోరాడినవాళ్ళకి కత్తులతో, పోరాడనివాళ్ళకి కత్తులు లేకుండా, కొడుకునో భర్తనో పోగొట్టుకున్నవాళ్ళకి నల్లటిది. కత్తుల రకం ఒక్కటే 60 లక్షలు దాటింది. పది పదిహేను యూరోలకి దొరుకుతుంది. అంత చవక వస్తువుకి నకిలీ చేసే శ్రమ ఎవరూ పెద్దగా పడరు, కాబట్టి అసలు వస్తువుని చేతిలో పట్టుకుని నేర్చుకోవచ్చు. వెనక తయారీదారు గుర్తులు పదుల రకాలుంటాయి, అవి పోగుచెయ్యడమే ఓ సరదా. నల్లటివి తక్కువ. నా దగ్గర ఒకటి ఉంది, దాని అసలు కవరుతో, పత్రంతో. ఒక తల్లికిచ్చినది. పత్రం మడతల దగ్గర చిరిగి, వెనక గోధుమపిండి జిగురుతో కాగితం ముక్కలు అతికించి ఉంది. శిలువ మీద మాత్రం ఒక్క గీత లేదు, రిబ్బన్‌కి పిన్ను గుచ్చిన కంత కూడా లేదు. ఆవిడ దాన్ని ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. పన్నెండు యూరోలు. నా దగ్గరున్న అన్నిటిలోకీ దాన్నే ఎక్కువ సార్లు తీసి చూస్తాను.

ఆ తర్వాత 1870-71 యుద్ధ పతకం. ఫ్రెంచి వాళ్ళ దగ్గర పట్టుకున్న ఫిరంగుల్ని కరిగించి చేసిన కంచు బిళ్ళ. దాన్ని పక్కకి తిప్పితే అంచు చుట్టూ 'పట్టుకున్న ఫిరంగి నుంచి' అని జర్మన్‌లో ఉంటుంది. పోరాడనివాళ్ళకి ఉక్కుతో చేసి ఇచ్చారు. తర్వాత 1918 మార్చిలో మొదలైన గాయాల బ్యాడ్జీ: ఒకటి రెండు గాయాలకి నలుపు, మూడు నాలుగుకి వెండి రంగు, ఐదు, ఆపైన అయితే బంగారు రంగు. నలుపు చవక. బంగారు రంగుది కనబడితే ముందు అనుమానించండి, తర్వాత ఆశపడండి.

దూరంగా ఉండాల్సినవి కొన్ని. నీలి ఎనామెల్‌తో ఉండే పూర్ లె మెరీత్ అనే ప్రష్యా పతకం, రెడ్ బారన్ అని పిలిచే మొదటి యుద్ధపు విమాన యోధుడు రిష్ట్‌హోఫెన్ మెడలో కనిపించేది. అసలుది వేల యూరోల్లో కాదు, పదివేల యూరోల్లో మాట్లాడతారు. సంతలో వంద యూరోలకి కనిపించిన ప్రతిదీ నకలే, ఆలోచించక్కర్లేదు. రెండోది నాజీ కాలపు సరుకు. ప్రపంచంలో ఎక్కువగా నకిలీ అయ్యేది అదే, కొనేవాళ్ళలో కొందరి ఉద్దేశాలూ నాకు నచ్చవు. నేను 1918తో ఆగిపోతాను, హిండెన్‌బర్గ్ శిలువ ఒక్కటే మినహాయింపు. ఇక్కడ స్వస్తికని జనం ముందు ప్రదర్శించడం నేరం కూడా. సంతలో వ్యాపారులు 1939 శిలువ మధ్యలో చిన్న గుండ్రటి స్టిక్కర్ అంటించి పెడతారు. ఇంకో గందరగోళం: 1957లో పశ్చిమ జర్మనీ పాత సైనికులు పతకాలు పెట్టుకోవడానికి అనుమతిస్తూ, స్వస్తిక తీసేసి ఆ చోట ఓక్ ఆకులు పెట్టించింది. ముందువైపు ఆకులు, 1939 ఉంటే అది నకిలీ కాదు, యుద్ధకాలపుదీ కాదు. ఇక బైకు కుర్రాళ్ళ మెడలో వేలాడే శిలువలు మన హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి, వాటిని ఎవరైనా 'పురాతనం' అంటే నవ్వి ఊరుకోండి.

మనవాళ్ళు నన్ను తరచుగా అడిగేది ఆజాద్ హింద్ పతకాల గురించి. నేతాజీ జర్మనీలో ఉన్నప్పుడు 1942లో నెలకొల్పినవి, వియన్నాలో రుడాల్ఫ్ సౌవాల్ సంస్థ చేసింది. నిజంగా ఉన్నాయి. కానీ అదే సంస్థ యుద్ధం తర్వాత కూడా సేకరించేవాళ్ళ కోసం వీటిని కొట్టింది. ఇంటర్నెట్‌లో కొత్తగా మెరుస్తూ కనిపించేవి ఎక్కువగా ఆ తర్వాతి సరుకే. నేతాజీ పేరు వినగానే మనకి గుండె కొంచెం మెత్తబడుతుంది, అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు.

అమ్మాలనుకుంటే ఒక జాగ్రత్త. మన దేశంలో 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువుని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. 1914 శిలువకి ఆ వయసు వచ్చేసింది. కాబట్టి విదేశీ వేలం సైట్లో పెట్టి కొరియర్ చేసేద్దాం అనుకోకండి, ముందు పురావస్తు శాఖ వాళ్ళని అడగండి. ఐదు వేల కోసం ఆ టెన్షన్ ఎందుకు, ఇంట్లోనే ఉంచుకోండి అన్నది నా మాట.

ఉంచుకోవడం ఎలా? మీది గోదావరి జిల్లా, గాలిలో చెమ్మ ఎక్కువ. మెత్తటి పొడి బట్టతో దుమ్ము మాత్రం తుడవండి. వట్టి వేళ్ళతో పదే పదే ముట్టుకోకండి, చెమటలో ఉప్పుకి ఇనుము పొంగుతుంది. న్యూస్ పేపర్లో చుట్టకండి, అందులో ఆమ్లం ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పెడితే రెండేళ్ళకి జిగురు పట్టి పచ్చగా చిలుము పడుతుంది, నా దగ్గర ఓ కంచు పతకం అలాగే పాడైంది. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వెయ్యండి. వానాకాలం మొదట్లో ఆ పొట్లాలు మార్చండి. రిబ్బన్ ఎంత చీకిపోయినా తీసి కొత్తది వెయ్యకండి.

వీలైతే ఇంకో రెండు ఫోటోలు పెట్టండి. ఫ్లాష్ వద్దు, పొద్దున్న కిటికీ దగ్గర. ఒకటి రింగుని నిలబెట్టి, గుర్తు కనబడేలా. ఇంకోటి పై రెక్క అంచుని సరిగ్గా పక్క నుంచి. ఫోన్ కెమెరాకి లూప్ ఆనించి తీస్తే బాగానే వస్తుంది. ఆ పే బుక్కులో తాతగారి కంపెనీ నంబరు రాసి ఉంటే అది కూడా చెప్పండి, ఇటలీలో ఆయన ఏయే ఊళ్ళ మీదుగా వెళ్ళారో వెతకడానికి నాకు పనికొస్తుంది.